ఇంగ్లీషు పదసంపదను పెంచుకొనుట ఎట్లు?

మదనపల్లె, పుంగనూరు, కుప్పము - ఈ మూడు పట్టణములును పూర్వపు చిత్తూరు జిల్లాకు పడమటి దిక్కున ఉన్నవి. వీని చుట్టుపట్ల పల్లెలలో పదవ తరగతి ముగించి, ఇంటర్మీడియేటు చదువునకై పట్టణమునకు వచ్చు బాలబాలికలు ఏటేట అనేకులు. తమ బడిలో మొదటి స్థానము పొందినవారు వారిలో ఉందురు. ప్రశ్న ముగియకముందే సమాధానము చెప్పగలవారును ఉందురు. అట్టివారే కళాశాలలో అడుగిడిన కొలది దినములకు వెనుక బెంచీలకు చేరి మౌనము వహించుట అధ్యాపకులందరు ఎరిగిన విషయమే. పాఠములోని విషయము కఠినమైనందున కలిగిన మౌనము కాదది. వెలాసిటీ అనగా వేగమనియు, డెన్సిటీ అనగా సాంద్రత అనియు తెలిసినచో వారికి ఆ పాఠము సులభమే. పేరు మారుటతో, తెలిసిన విషయము తెలియనిదైపోవుచున్నది. అంతట ఆ బాలుడు తనకు బుద్ధి చాలదని తలచును. తల్లిదండ్రులును అట్లే నమ్ముదురు. నిజమునకు చాలనివి మాటలే. ఈ భేదమును సకాలమున తెలియజెప్పువారు లేనిచో, చక్కని చదువొకటి నడుమ దారిలో ఆగిపోవును. కావున ఇంగ్లీషు పదసంపదను కేవలము పరీక్షలోని నాలుగు మార్కుల విషయముగా భావింపరాదు.

బోధనా మాధ్యమమును గూర్చిన వాదము నేటి ప్రసంగమునకు విషయము కాదు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తన పాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమమును ప్రవేశపెట్టుటకు ఉత్తర్వు లిచ్చుటయు, 2020లో ఉన్నత న్యాయస్థానము వానిని కొట్టివేయుటయు శ్రోతలకు జ్ఞాపకము ఉండును. ఆ వాదము ఎటు తేలినను, ఇంటిలో తెలుగు మాటాడు బిడ్డకు ఇంగ్లీషు మాటలను సంపాదించుకొనక తప్పదు. ఎట్లు సంపాదించుకొనవలె ననునదే మన ప్రశ్న.

మొట్టమొదట, ఎన్ని మాటలు కావలెను? పెద్ద నిఘంటువు లావును చూచి పిల్లలు బెదరుదురు. ఆక్స్‌ఫర్డు వారి మహానిఘంటువున ఐదు లక్షలకు పైగా పదము లున్నవన్న మాట నిజమే. కాని ఆ ఐదు లక్షలును తెలిసినవాడు ఇంగ్లండులోనే లేడు. మైకేల్ వెస్టు అను విద్యావేత్త బంగాళ దేశమున, ఢాకాలో, ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసి, మన దేశపు పిల్లల కష్టమును దగ్గరనుండి చూచినవాడు. మిక్కిలిగా వాడుకలో నున్న మాటలను ఏరి, సుమారు 2000 మాటల పట్టికను ఆయన 1953లో ప్రకటించెను. సామాన్యమైన ఇంగ్లీషు పుస్తకమును తెరచి అందలి పదములను లెక్కించినచో, నూటికి ఎనుబది వంతుల వరకు ఈ రెండువేల మాటలు, వాని రూపభేదములే కనబడును. ఇక లెక్క చూడుడు. దినమునకు రెండు మాటల చొప్పున సంవత్సరమునకు ఏడువందల ముప్పది. మూడు సంవత్సరములకు రెండువేలు దాటును. ఎనిమిదవ తరగతిలో ఆరంభించిన బాలిక పదవ తరగతి ముగియునాటికి ఆ పని ముగింపగలదు. ఇది కొండను మోయు పని కాదు. ప్రతి దినము ఒక కడవ నీరు తెచ్చుట వంటిది.

అయితే తెచ్చిన నీరు కారిపోకుండ చూచుకొనవలెను. మన బడులలో మాటలను నేర్పు పద్ధతి చాల చోట్ల ఒక్కటే. నల్లబల్లపై పది మాటలు, వాని ప్రక్కన పది అర్థములు, మరునాడు అప్పగింత, వారాంతమున పరీక్ష, ఆ తరువాత మరపు. తప్పు పిల్లలది కాదు. జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఎబింగ్‌హౌస్ తన జ్ఞాపకశక్తినే పరీక్షించుకొని 1885లో ఒక గ్రంథము ప్రకటించెను. అర్థము లేని అక్షరసముదాయములను కంఠస్థము చేసి, ఎంత కాలమునకు ఎంత మరచెనో కొలిచి చూచుకొనెను. ఒక్క దినము గడచునప్పటికి సుమారు మూడింట రెండు పాళ్లు జారిపోయినవి. కాని కొంత కొంత వ్యవధి నిచ్చి మరల మరల చూచుకొన్న భాగము నిలిచినది. దీనినుండి మనము గ్రహింపదగిన విషయములు రెండు. అర్థము, సందర్భము లేని మాట నిలువదు. ఒకేనాడు ఇరువదిసార్లు వల్లించుటకంటె, ఒకసారి నేడు, ఒకసారి రేపు, ఒకసారి వచ్చు వారము, మరియొకసారి వచ్చు నెల చూచుకొనుట మేలు. ప్రభుత్వ పాఠశాలలలో 2021లో దినమునకొక మాట నేర్పు కార్యక్రమము ఆరంభించిరి. ఉద్దేశము మంచిదే. ఆ మాట మరునాడు, మరు వారము తిరిగి తరగతి గదిలో వినబడినప్పుడే ఫలము.

మన పెద్దలు ఈ సంగతి ఎరుగనివారు కారు. వీధిబడులలో అమరము వల్లించిరి. అది కేవలము కంఠస్థ విద్య యని నేడు తేలికగా చూచుచున్నాము. కాని అమరసింహుడు మాటలను అకారాది క్రమమున పేర్చలేదు. స్వర్గమునకు సంబంధించినవి ఒక చోట, భూమికి సంబంధించినవి ఒక చోట, వనౌషధు లొక చోట, మనుష్యునకు సంబంధించినవి ఒక చోట - ఇట్లు వర్గములుగా కూర్చెను. ఒక మాట తలపునకు వచ్చినచో దాని బంధువర్గమంతయు వెంట నడచివచ్చును. ఇంగ్లండులో పీటర్ మార్క్ రోజే అను వైద్యుడు ఇట్లే భావవర్గములుగా ఇంగ్లీషు మాటలను కూర్చి 1852లో థెసారస్ అను గ్రంథమును ప్రకటించెను. దాని పీఠికలో అమరకోశమును, కోల్‌బ్రూకు దొర దానికి చేసిన ఇంగ్లీషు అనువాదమును ఆయన పేర్కొనెను. మాట ఒంటరిగా బ్రతుకదు, కుటుంబముతో బ్రతుకునన్న సత్యమును ఇద్దరును గుర్తించినవారే. నేను నేడు చెప్పదలచినదియు ఇంతకంటె వేరు కాదు. ఇంగ్లీషు మాటలను పట్టికనుండి కాక, వాని బంధువర్గమునుండియు, మన ఊరినుండియు నేర్వవలెను.

మన ఊరినుండి ఇంగ్లీషు నేర్చుట ఎట్లని అడుగవచ్చును. మదనపల్లెకు పోదము. అచ్చటి టమాటా మార్కెట్టు దేశములోని పెద్ద మార్కెట్టులలో ఒకటి. టమాటా అను మాటయే మెక్సికో దేశపు ప్రాచీన భాషనుండి స్పెయినువారి నోట పడి, ఇంగ్లీషు మీదుగా మనకు చేరినది. మార్కెట్టు యార్డులో రైతుబిడ్డ చెవిని పడు మాటలను గమనింపుడు. గ్రేడు, రేటు, లోడు, క్రేటు, కమీషను, ట్రాన్స్‌పోర్టు. ఇవన్నియు ఇంగ్లీషు మాటలే. అక్షరము రాని రైతుకును ఇవి తెలియును. గ్రేడు అను మాట ఒక్కటే తీసికొందము. లాటిను భాషలో గ్రాడస్ అనగా మెట్టు. కాయలను మేలు రకము, నడిమి రకము అని మెట్లుగా ఏర్పరచుట గ్రేడు చేయుట. మెట్టు మెట్టుగా, అనగా క్రమక్రమముగా జరుగునది గ్రాడ్యువల్. విశ్వవిద్యాలయమున మెట్టెక్కినవాడు గ్రాడ్యుయేటు. ఆ మెట్టు పేరు డిగ్రీ. ఉష్ణమును కొలుచు మెట్టును డిగ్రీయే. పై మెట్టునకు తెచ్చుట అప్‌గ్రేడ్. తండ్రి యార్డులో వాడు ఒక్క మాటనుండి కుమారునకు అయిదు మాటలు లభించినవి. వీనిని వల్లింపవలసిన పని లేదు. మెట్టు అను భావము జ్ఞాపకమున్నచో చాలును.

మదనపల్లె ప్రక్కనే ఆరోగ్యవరము. క్షయరోగుల చికిత్సకై అచ్చట 1915లో శానిటోరియము వెలసినది. స్వస్థతను, ఆరోగ్యమును తెలుపు లాటిను మూలమునుండి వచ్చిన మాట యది. ఊరి పేరులోని ఆరోగ్యమే ఆ సంస్థ పేరులోను ఉన్నది. శానిటరీ ఇన్‌స్పెక్టరు, శానిటేషన్, 2020 నాటి మహమ్మారి కాలమున ఇంటింటికి వచ్చిన శానిటైజరు - అన్నియు ఆ కుటుంబమునకు చెందినవే. ఆ ఊరి పిల్లలు ఈ నాలుగు మాటలను వేరువేరుగా నాలుగు అపరిచితములుగా చూడవలసిన పని యేమున్నది?

మదనపల్లెకు మరియొక ప్రసిద్ధి కలదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాగూరు అచ్చటి థియసాఫికల్ కళాశాలకు వచ్చి కొన్నాళ్లు విశ్రమించెను. ఐర్లండు దేశపు కవి జేమ్స్ కజిన్స్ ఆ కళాశాలకు ప్రిన్సిపాలు. ఆయన సతీమణి మార్గరెట్ కజిన్స్ సంగీతము తెలిసిన విదుషీమణి. జనగణమన గీతమునకు ఠాగూరు అక్కడనే, ఫిబ్రవరి 28వ తేదీన, ఇంగ్లీషు అనువాదము వ్రాసి దానికి 'ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా' అని పేరు పెట్టెను. ఆ గీతములోని విధాత అను మాటకు ఇంగ్లీషున ఏ మాట వాడవలెను? సృష్టికర్త యని చెప్పు మాట ఉన్నది, పాలకుడని చెప్పు మాట ఉన్నది. ఠాగూరు డిస్పెన్సర్ అను మాటను ఎన్నుకొనెను. అనగా కొలిచి పంచి ఇచ్చువాడు. ఈ మాట మన పల్లెలకు క్రొత్తది కాదు. మందులు పంచి ఇచ్చు ఆసుపత్రిని డిస్పెన్సరీ యనుట మన తాతల నాటినుండి ఉన్నదే. మందు పంచు చోటును, భాగ్యమును పంచు దైవమును ఒకే మాటకు చెందినవారని తెలిసిన బాలిక ఆ మాటను మరువదు. అంతటి మహాకవియు ఒక్క మాటకై ఎన్నిక చేసికొనవలసినవాడే యని కూడ ఆమె తెలిసికొనును.

ఇక పుంగనూరు. ఆ ఊరి పేరు చెప్పగనే పొట్టి ఆవు కన్నుల ముందు నిలుచును. పెరిగిన ఆవు ఎత్తు మూడడుగులకు మించుట అరుదు. ఈ జాతిని కాపాడుటకు పలమనేరు పశుపరిశోధన క్షేత్రమున కృషి జరిగినది. ఇంగ్లీషు తరగతిలో ఆవు మీద వ్యాసము వ్రాయుమనినచో పిల్లలు ఏమి వ్రాయుదురు? ఆవునకు నాలుగు కాళ్లు, రెండు కొమ్ములు, ఒక తోక అని వ్రాసి ఊరకుందురు. అదే పిల్లవానిని తెలుగున అడుగుడు. దూడ, పెయ్య, కోడె, ఎద్దు, చూడి ఆవు, పాడి ఆవు, వట్టిపోయిన ఆవు - ఇన్ని భేదములు చెప్పును. ఈ భేదములు ఇంగ్లీషునను ఉన్నవి. దూడ కాఫ్, పెయ్య హెఫర్, ఎద్దు బుల్లక్, ఆబోతు బుల్, మంద హెర్డ్, మేయుట గ్రేజ్. పట్నపు బాలునకు పెయ్య అననేమో ముందు తెలుపవలెను, పిదప హెఫర్ అను పేరు చెప్పవలెను. పుంగనూరు బాలునకు పేరొక్కటి చెప్పిన చాలును. భావము సిద్ధముగా ఉన్నచోట శబ్దము వెంటనే నాటుకొనును. పల్లెటూరి పిల్లలు ఇంగ్లీషున వెనుకబడినవారనువారు ఈ సంగతి ఆలోచింపవలెను. వారి వద్ద భావసంపద కొల్లలుగా ఉన్నది. దానికి పేళ్లు పెట్టు పని మాత్రమే మిగిలినది.

అదే ఆవు మరియొక పాఠము నేర్పగలదు. చిన్నది అనుటకు ఇంగ్లీషున అనేక పదము లున్నవి. స్మాల్, లిటిల్, షార్ట్, టైనీ, డ్వార్ఫ్. వీనికి అన్నిటికిని చిన్నది యని ఒక్క అర్థము వ్రాసికొన్న విద్యార్థి తప్పుదారి పట్టును. పొడవునకు గాని ఎత్తునకు గాని చెందిన కొరత షార్ట్. మొత్తముగా చిన్నది స్మాల్. అతి చిన్నది, చీమ వంటిది, టైనీ. తన జాతిలో సహజముగనే పొట్టిది డ్వార్ఫ్. లిటిల్ అనుటలో ఒకింత ముద్దు కూడ ఉన్నది. మనము చిన్న, పొట్టి, బుల్లి, చిట్టి, మరుగుజ్జు అను మాటలను ఒకదాని బదులు ఒకటి వాడము గదా! బుల్లి ఇల్లు అనవచ్చును, మరుగుజ్జు ఇల్లు అనరాదు. తెలుగున ఈ విచక్షణ గలవానికి ఇంగ్లీషున ఆ విచక్షణ నేర్పుట కష్టము కాదు. తెలుగే సరిగా రానివానికి మాత్రము కష్టము.

ఇక కుప్పమునకు పోదము. అది ఆంధ్ర, కర్ణాటక, తమిళ దేశములు కలియు చోటు. ద్రావిడ భాషల అధ్యయనమునకై 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము అచ్చట వెలసినది. అచ్చటి అంగడి వీథిలో తెలుగు, తమిళము, కన్నడము మూడును వినబడును. పదేండ్ల బాలుడు దుకాణములో ఒక భాష, బస్సులో ఒక భాష, ఇంటిలో ఒక భాష మాటాడుట అచ్చట వింత కాదు. అతనికి ఎవరును పట్టికలు ఇచ్చి వల్లింపజేయలేదు. అవసరము, మనుష్యుల సహవాసము, తప్పు పలికినను నవ్వి సవరించు ఇరుగుపొరుగు - ఈ మూడే అతని గురువులు. తెలుగున పాలు అనునది కన్నడమున హాలు, పులి యనునది హులి, పువ్వు హూవు. తెలుగు పకారమునకు కన్నడమున చాల చోట్ల హకారము వచ్చునను సూత్రమును అతడు వ్యాకరణము చదువకయే పట్టుకొనెను. దక్షిణ దేశపు ఈ భాషలన్నియు ఒకే కుటుంబమునకు చెందినవని ఎల్లిసు దొర 1816లోనే నిరూపించెను.

ఇట్టి చుట్టరికమే సంస్కృతమునకును ఇంగ్లీషునకును కలదు. ఆ సంగతిని సర్ విలియం జోన్సు 1786లో కలకత్తాలో చాటెను. మన తెలుగున సంస్కృత పదములు పెక్కు గలవు గనుక ఈ చుట్టరికము మన పిల్లలకు ఉపకరించును. పితృ - ఫాదర్, పాద - ఫుట్. పకారమునకు ఫకారము. దశ - టెన్, దంత - టూత్. దకారమునకు టకారము. నామము నేమ్, నవము న్యూ. అన్యాయము, అనర్థము మొదలగు మాటల తొలి భాగముననున్న వ్యతిరేకార్థకమును, అన్‌హ్యాపీ, అన్‌నోన్ మొదలగు వాని తొలి భాగమును ఒకే మూలమునుండి వచ్చినవి. అయితే ధ్వనిసామ్య మున్న ప్రతి మాటయు చుట్టము కాదు. నిఘంటువును చూడక చుట్టరికములు కలుపరాదు.

కుప్పము రైలు స్టేషనులో పోర్టరును చూడుడు. లాటిను భాషలో పోర్ట్ అను మూలమునకు మోయుట యని అర్థము. మోయువాడు పోర్టరు. ఒక చోటునుండి మరియొక చోటికి మోయుట ట్రాన్స్‌పోర్టు. దేశము వెలుపలికి మోయుట ఎక్స్‌పోర్టు, లోపలికి తెచ్చుట ఇంపోర్టు. వార్తను మోసికొని తిరిగి వచ్చుట రిపోర్టు. క్రిందనుండి మోసి నిలుపుట సపోర్టు. మోయదగినది పోర్టబుల్. ఇది మనకు క్రొత్త విద్య కాదు. హృ అను ఒక్క ధాతువునకు ముందు ఉపసర్గలు చేర్చి ఆహారము, విహారము, సంహారము, పరిహారము, ప్రహారము అని మనము అనుచున్నాము. ఇంగ్లీషు మాటలలోను ఉపసర్గ లిట్లే పనిచేయును. ఇరువది ఉపసర్గలు, ముప్పది మూలములు ఎరిగిన విద్యార్థి వందల మాటలకు తాళము తీయగలడు. కుప్పము గనులలో లభించు గ్రానైటు రాతిని తీసికొనుడు. గ్రానమ్ అనగా గింజ. గింజలు గింజలుగా కనబడు రాయి గ్రానైటు. ధాన్యము గ్రెయిన్, ధాన్యపు కొట్టు గ్రానరీ, పొలములో చల్లు మందు గుళికలు గ్రాన్యూల్స్, గింజలు నిండిన దానిమ్మపండు పోమ్‌గ్రానేట్. రాయియు పండును ఒకే గింజనుండి మొలచినవి!

మన నోట నలిగిన ఇంగ్లీషు మాటలను గూర్చి ఒక హెచ్చరిక చేయవలసి యున్నది. ఇవి మేలు చేయును, మోసమును చేయును. హోటలు అనగా మనకు భోజనము చేయు చోటు. ఇంగ్లీషువానికి బస చేయు చోటు. కరెంటు అనగా మనకు విద్యుత్తు. ఇంగ్లీషున నది ప్రవాహమునకును, ప్రస్తుత కాలమునకును ఆ మాటయే. రైతుబిడ్డ యెరిగిన ఈల్డ్ అను మాటకు దిగుబడి యని అర్థము. ఒత్తిడికి లొంగుట యనియు అర్థము. అర్థము సందర్భముతో మారునని తెలిసినవాడే మాట తెలిసినవాడు. బస్సు అను మాట చరిత్ర మరియు వినోదకరము. లాటినున ఆమ్నిబస్ అనగా అందరి కొరకు. తొలి భాగము కాలక్రమమున రాలిపోయి, చివరనున్న విభక్తి ప్రత్యయము మాత్రము మిగిలి మన ఊరి రోడ్డు మీద పరుగెత్తుచున్నది. సంస్కృతమున రామేభ్యః అనుటలోని చివరి భాగము దీనికి చుట్టమే. మాటలు ఇటునుండి అటును పోయినవి. మన పందికొక్కు ఇంగ్లీషులో బ్యాండికూట్ అయి, సముద్రము దాటి ఆస్ట్రేలియాలోని వేరొక జంతువునకును పేరైనది. భాషల నడుమ ఇచ్చిపుచ్చుకొనుట ఎన్నడును ఉన్నదే. ఇందు చిన్నతనము లేదు.

రేడియోలో పనిచేయు మావంటివారికి అనుభవమైన విషయ మొకటి చెప్పెదను. కంటికి తెలిసిన మాట వేరు, నోటికి తెలిసిన మాట వేరు. మైక్రోఫోను ముందు కూర్చున్నవాడు ఒక్క మాట ఉచ్చారణ ఎరుగక తడబడినచో ఆ వాక్యమంతయు చెడును. ఇంగ్లీషు మాటకు వ్రాత ఒక తీరు, పలుకుబడి ఒక తీరు. పై జెప్పిన హెఫర్ అను మాటను అక్షరములను బట్టి పలికినచో ఎవరికిని తెలియదు. కావున క్రొత్త మాటను మొదట వినవలెను, పిదప బిగ్గరగా పలుకవలెను, ఆ పిమ్మట వ్రాయవలెను. మాటలో ఏ భాగమును ఊది పలుకుదురో గమనింపవలెను. రేడియోలో ఇంగ్లీషు వార్తలను దినమునకు పది నిమిషములు వినుట మంచి అభ్యాసము. అన్నియు అర్థము కానక్కరలేదు. నిన్న నేర్చిన మాట నేడు వార్తలలో వినబడినప్పుడు కలుగు సంతోషమే జ్ఞాపకమునకు ముద్ర వేయును.

విద్యార్థులు ఒక చిన్న నోటుపుస్తకము పెట్టుకొనవలెను. మాటకు అర్ధపుట చొప్పున విడువవలెను. మొదట ఆ మాట ఏ వాక్యమున కనబడినదో ఆ వాక్యము వ్రాయవలెను. తరువాత తెలుగు అర్థము, ఆ పిమ్మట దాని బంధువర్గము వ్రాయవలెను. కడపట తన ఊరిని గూర్చి, తన యింటిని గూర్చి ఆ మాటతో సొంత వాక్యమొకటి వ్రాయవలెను. ఈ సొంత వాక్యమే ముఖ్యము. మన బడులలో సెలవు చీటీ సంగతి అందరికిని తెలిసినదే. 'ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్' అను వాక్యము తప్ప వేరొకటి రానందున, కాలు బెణికినను, మేనమామ పెండ్లియైనను, పిల్లలందరికి జ్వరమే వచ్చును! కడుపునొప్పికి ఒక మాట, పెండ్లికి ఒక మాట, పొలము పనికి ఒక మాట నేర్పినచో వారు నిజము వ్రాయగలరు. పదసంపద లేనివాడు నిజమును కూడ చెప్పలేడు. ఇది నవ్వుకొని విడువదగిన సంగతి కాదు.

2020 తరువాత ప్రభుత్వము ముద్రించిన పాఠ్యపుస్తకములలో ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లీషు ఇచ్చుచున్నారు. ఇది మంచి సాధనము. దీనిని ఉపయోగించుటలో క్రమము పాటింపవలెను. ముందు తెలుగు పుట చదివి విషయము గ్రహింపవలెను. పిదప దానిని మూసి ఇంగ్లీషు పుట చదువుచు, తెలియని మాటకు అర్థమును ఊహింపవలెను. ఆ తరువాతనే తెలుగు పుటతో సరిచూచుకొనవలెను. ఊహించి, తప్పి, సరిదిద్దుకొన్న మాట గట్టిగా నిలుచును. నిఘంటువు చివరి న్యాయస్థానము. ప్రతి చిన్న తగవునకు అచ్చటికి పరుగెత్తరాదు. బ్రౌను దొర 1820లో కడపకు వచ్చి, తెలుగు నేర్చి, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించెను. పరాయి భాషను అంతగా సాధించినవాడును పండితుల వద్ద, పామరుల వద్ద విని, అడిగి నేర్చినవాడే.

పెద్ద పెద్ద మాటలు వాడుటయే ఇంగ్లీషు వచ్చుటకు గుర్తని కొందరు భ్రమపడుదురు. చదువక ముందు కాకరకాయ, చదివిన తరువాత కీకరకాయ యను సామెత వారిని చూచియే పుట్టినది. 'బై' అనదగిన చోట 'పర్చేజ్' అనియు, 'బిగిన్' అనదగిన చోట 'కమెన్స్' అనియు వ్రాయుట పాండిత్యము కాదు. చిన్న మాటను సరియైన చోట వాడుటయే పాండిత్యము.

ఇంగ్లీషు రాని తల్లిదండ్రులు తమవలన కాగల సహాయ మేదియు లేదని తలతురు. అది సరి కాదు. సాయంకాలము బిడ్డను పిలిచి, "ఏమి నాయనా, ఈ దినము ఏ మాట నేర్చితివి? అది తెలుగులో ఏమగును?" అని అడిగిన చాలును. తల్లికి చెప్పుటకై బిడ్డ ఆ మాటను మరియొకసారి తలచుకొనును. చెప్పుటలో దానికి అర్థము తేటపడును. తల్లియు ఊరకుండనక్కరలేదు. గుంటక, నొగ, మేడి, కవ్వము, చేట, జల్లెడ - ఈ వస్తువుల పేళ్లు, వాని పనులు బిడ్డకు చెప్పవచ్చును. నేటి పిల్లలకు ఈ తెలుగు మాటలును దూరమగుచున్నవి. తెలుగు మాట తెలియని వస్తువునకు ఇంగ్లీషు పేరు తగిలించుట గోడ లేనిచోట చిలుకకొయ్య వెదకుట వంటిది. ఇంట ఒక తెలుగు మాట, బడిలో ఒక ఇంగ్లీషు మాట - ఈ రెండును జతగా నడచినచో రెండు భాషలును పెరుగును.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక్క మనవి. తరగతిలో పిల్లవాడు ఇంగ్లీషు మాటను తప్పుగా పలికినప్పుడు తోటివారు నవ్వుదురు. ఆ నవ్వును అదుపులో నుంచు బాధ్యత మీది. ఒకసారి నవ్వులపాలైన బాలుడు మరల నోరు తెరచుటకు సంవత్సరములు పట్టును. కుప్పము అంగడిలో తమిళమును తప్పుగా పలికిన తెలుగు బాలుని ఎవరును వెలివేయరు. సవరించి, సరకు ఇచ్చి పంపుదురు. అందుచేతనే అతనికి తమిళము వచ్చినది. ఇంగ్లీషు తరగతియు ఆ అంగడి వలె ఉండవలెను.

పల్లెనుండి పట్టణమునకు వచ్చి, తరగతిలో నోరు మెదపక కూర్చున్న బాలబాలికలకు నేను చెప్పదలచినది ఒక్కటే. మీకు లోపించినది తెలివి కాదు. మీ పొలము, మీ పశువుల కొట్టము, మీ అంగడి మీకు ఇచ్చిన భావములు పెక్కు కలవు. వానికి ఇంగ్లీషు పేళ్లు రెండువేలు చేర్చుకొనుడు. దినమునకు రెండు చొప్పున, నేడే ఆరంభింపుడు.